వాగు సర్కారుదే. మరి వాగులోకి దిగే బాట ఎవరిది?

అడిగినాయన ప్రశ్న క్లుప్తంగా ఇది: "మాది చేవెళ్ల వైపు ఒక పల్లె. ఉద్యోగం హైదరాబాద్‌లో. మా ఊరి వాగుకు రెండు ఒడ్లా పొలాలు అమ్ముడుపోయి ఫామ్‌హౌస్‌లు లేచాయి. పోయిన ఎండాకాలం ఒకాయన వాగుకు అడ్డంగా కడీలు పాతి ముళ్లతీగ గుంజారు. ఇంకొకాయన వాగుకు పోయే బాటకు గేటు పెట్టారు. అడిగితే ప్రైవేటు జాగ అంటున్నారు. బర్లను తోలుకుపోవడానికి, చేపలు పట్టడానికి, బతుకమ్మ వేయడానికి మాకు హక్కుందా, లేదా? అమెరికాలో ఉన్న మా తమ్ముడేమో వాగులో ఎవరైనా నడవొచ్చు, వాళ్లెవరు ఆపడానికి అంటున్నాడు."

ముందు సూటిగా చెప్పేస్తాను. గ్రామ నక్షాలో, అంటే సర్వే శాఖ వేసిన ఊరి పటంలో, వాగుగా గీసిన జాగ సర్కారుది. ఒడ్డున పట్టా ఎవరి పేర ఉన్నా, వాగులో మీరు నడుస్తుంటే, పశువులకు నీళ్లు తాపుతుంటే ఆపే అధికారం వాళ్లకు లేదు. అడ్డంగా పాతిన కడీలు పీకించొచ్చు. కానీ వాగు అందరిదైనంత మాత్రాన, దాంట్లోకి దిగడానికి పక్కవాళ్ల పట్టా పొలంలోంచి నడిచే హక్కు రాదు. ఆ బాట నక్షాలోనైనా ఉండాలి, ఏళ్ల తరబడి ఊరంతా నడిచినట్టు రుజువైనా ఉండాలి. మీ రెండు గొడవల్లో కడీలది సులువు. గేటుది కష్టం. చేపల సంగతి మూడోది, దాని లెక్కే వేరు.

నేను సర్వే శాఖలో గొలుసు లాగడంతో మొదలుపెట్టి ఉపగ్రహాలతో కొలిచే డీజీపీఎస్ వచ్చేదాకా పనిచేసి రిటైరయ్యాను. ఇప్పుడు రాజేంద్రనగర్‌లో ఉంటున్నాను. ఆదివారం వచ్చిందంటే ఎవరో ఒకరు నక్షా జిరాక్సు చుట్టి చంకలో పెట్టుకుని వస్తారు. వచ్చినవాళ్లంతా వాగు గురించే మాట్లాడతారు. కాగితాలు పరిస్తే చాలావరకు తగాదా వాగుది కాదు, పది పన్నెండు అడుగుల బండి బాటది.

వాగు సర్కారుదని ఏ కాగితం చెప్తుంది?

తెలంగాణలో దీనికి మూలం నిజాం కాలపు భూమి రెవెన్యూ చట్టం. 1317 ఫస్లీ అని రాసుంటుంది, అంటే 1907. దాని 24వ సెక్షన్ ప్రకారం బాటలు, వంతెనలు, నదులు, వాగులు, నాలాలు, చెరువులు, కాలువలు, పారే నీళ్లు, నిలిచిన నీళ్లు, ఇవన్నీ వేరొకరి ఆస్తి అని తేలితే తప్ప సర్కారువే. ఆ "తేలితే తప్ప" దగ్గరే వకీళ్లకు పని దొరుకుతుంది.

సర్కారుది అన్నాక సర్కారు ఇష్టమా అంటే, అదీ కాదు. హిమాచల్‌లో బియాస్ నది ఒడ్డున ఒక హోటల్ వాళ్లు నది దారినే మళ్లించుకున్న కేసులో (ఎం.సి.మెహతా, కమల్‌నాథ్ కేసు, 1996 డిసెంబరు) సుప్రీంకోర్టు ఒక మాట స్థిరం చేసింది. నదులు, నీళ్లు, అడవుల్లాంటి వాటికి సర్కారు ధర్మకర్త మాత్రమే, జనం వాడుకను కాదని వాటిని ప్రైవేటు లాభానికి అప్పగించడానికి లేదు. 2011లో జగ్‌పాల్ సింగ్ కేసులో ఊరి ఉమ్మడి జాగల కబ్జాలు తీసేయించమని అన్ని రాష్ట్రాలకూ చెప్పింది. మీ అర్జీలో ఈ రెండింటినీ ఒక్కో వాక్యంలో రాయండి చాలు. తహసీల్దారు ఆఫీసులో తీర్పులు ఎవరూ చదవరు. నక్షా చూస్తారు.

మీ వాగు కాగితం మీద ఏ రకం?

అన్నీ ఇక్కడే మొదలవుతాయి. మనం వాగు, ఒర్రె, నాలా అని నోటికొచ్చినట్టు అంటాం గానీ రికార్డులో అవి వేరువేరు.

నక్షాలో వాగు రెండు గీతల మధ్య, ఏ సర్వే నెంబరులోనూ కలవకుండా పాములా పోతుంటే గొడవే లేదు. రెండువైపుల సర్వే నెంబర్లూ ఆ గీతల దగ్గర ఆగిపోతాయి. అది సర్కారు వాగు. ఫామ్‌హౌస్ ఆయన దస్తావేజులో "తూర్పున వాగు" అని హద్దు రాసుంటుంది చూడండి. తన హద్దు వాగు అని ఆయన దస్తావేజే చెప్తుంటే, వాగు తనదెలా అవుతుంది? ఈ ఒక్క వాక్యంతో తెగిపోయిన పంచాయితీలు చూశాను. రిజిస్ట్రేషన్ ఆఫీసులో దస్తావేజు నకలు తీసుకోండి.

వాగు ఒంటి గీతగా ఒక సర్వే నెంబరు నడుమ నుంచి పోతుంటే మెలిక ఉంది. అప్పుడు సేత్వార్ చూడాలి. సర్వే జరిగిన కొత్తలో రాసిన మొదటి రిజిస్టరు అది. అందులో పోట్ ఖరాబు అని ఒక గడి ఉంటుంది. ఉదాహరణకు మొత్తం 7 ఎకరాల 12 గుంటలు, పోట్ ఖరాబు 18 గుంటలు అని ఉందనుకోండి. ఆ 18 గుంటలు సాగుకు పనికిరావని శిస్తు వేయలేదన్నమాట. ఒర్రె పోయే జాగ చాలాసార్లు అందులోనే ఉంటుంది. అలాంటి ఒర్రెను పట్టాదారు పూడ్చడానికి లేదు, నీళ్లు ఆపడానికి లేదు. అయితే అది పట్టా లోపలి జాగ. అందులో షికారుకు తిరుగుతానంటే కుదరదు. ఈ రకంలో ఊరివాళ్లకు హక్కుందని నేను గట్టిగా చెప్పను. చెప్పినవాళ్లను నమ్మకండి.

మూడోది శిఖం, అంటే చెరువు నీళ్లు నిలిచే జాగ. వాగు చెరువులో కలిసేచోట శిఖం పట్టాలు ఉంటాయి. నీళ్లు దిగినప్పుడు ఆ పట్టాదారు సాగు చేసుకోవచ్చు. నీళ్లు ఎక్కినప్పుడు అది చెరువే. అక్కడ గోడ కట్టడానికి, మట్టి పోసి ఎత్తు చేయడానికి ఆ పట్టా పనికిరాదు.

ఇంకొకటి, మన చుట్టుపక్కల నాలా అని పిలిచేవన్నీ ప్రకృతి వాగులు కావు. ఇబ్రహీంపట్నం చెరువుకు పోయే ఫిరంగి నాలా, శంకర్‌పల్లి వైపు నుంచి హుస్సేన్‌సాగర్‌కు నీళ్లు తెచ్చిన బుల్కాపూర్ నాలా మనుషులు తవ్విన కాలువలు. వాటికి కట్ట కూడా ఉంటుంది, రికార్డు నీటిపారుదల శాఖ దగ్గర ఉంటుంది. మీది అలాంటిదైతే పని సగం తేలిక. ఎందుకంటే ఆ కాలువ గట్టే బాటగా పనికొస్తుంది.

గేటు సంగతి

కొన్నేళ్ల కింద రంగారెడ్డి జిల్లాలోనే ఒక ఊళ్లో జరిగింది చెప్తాను. సద్దుల బతుకమ్మ రోజు సాయంత్రం ఆడవాళ్లు తాంబాలాలు ఎత్తుకుని వాగుకు బయలుదేరితే బాట మీద కొత్త ఇనుప గేటు. వాచ్‌మన్ ఫోను కలిపి ఓనరుతో మాట్లాడాడు. ఆయన మంచితనం చేద్దామనుకున్నాడేమో, నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్లు నింపి గేటు బయట పెట్టించాడు, అందులో వేసుకోమని. ఒక ముసలామె డ్రమ్ములోకి తొంగిచూసి, "డ్రమ్ముల సాగనంపుతరా బిడ్డా బతుకమ్మను?" అంది. ఆ రాత్రి బతుకమ్మలు గేటు ముందే వరసగా పెట్టి వెళ్లిపోయారు. తెల్లారి గునుగు పూలన్నీ వాడి బాటంతా రాలి ఉన్నాయి.

సర్వేకు నన్ను పంపారు. ఓనరు పాస్‌బుక్కు, దస్తావేజు, లేఅవుట్ ప్లాను అన్నీ లామినేషన్ చేయించి పెట్టుకున్నాడు. కొలిస్తే విస్తీర్ణం గుంట తేడా లేకుండా సరిపోయింది. ఊరివాళ్ల మొహాలు మాడిపోయాయి. నేను పట్టుకుపోయింది టీపన్. సర్వే నెంబరు ఒక్కొక్కదానికీ కొలతలతో వేసిన పాత పటం అది. అందులో ఆయన నెంబరుకు ఉత్తరపు హద్దు వెంట, హద్దుకు బయట, రెండు చుక్కల గీతలు వాగు దాకా పోతున్నాయి. బండి బాట. మూడు నెంబర్లు కలిసేచోట పాత రాయి చింతచెట్టు మొదట్లో సగం మట్టిలో దొరికింది. అక్కడి నుంచి టేపు పట్టి వస్తే గేటు రెండు పిల్లర్లూ బాటలోనే ఉన్నాయి. విస్తీర్ణం ఎలా సరిపోయిందంటారా? దక్షిణం వైపు తన జాగ కొంత పక్కాయన కలుపుకున్నాడు, ఆ లోటు ఈయన బాటలో పూడ్చుకున్నాడు. కావాలని చేశాడని నేననను. ఫెన్సింగ్ వేసినవాడు ఎటు సూటిగా ఉంటే అటు తాడు కట్టి ఉంటాడు.

గేటు తీయడానికి తర్వాత మరో పద్నాలుగు నెలలు పట్టింది, అది వేరే కథ. మీరు అడగాల్సిన మొదటి కాగితం నక్షా, రెండోది టీపన్. పాస్‌బుక్కుతో వాదించకండి. పాస్‌బుక్కు ఎంత భూమో చెప్తుంది గానీ ఎక్కడ ఆగుతుందో చెప్పదు. బండి బాటకు రెండు చుక్కల గీతలు, కాలిబాటకు ఒక చుక్కల గీత ఉంటాయి. జిరాక్సులో చుక్కలు మాయమవుతాయి, అందుకే కలెక్టరేట్‌లో సర్వే శాఖ అసిస్టెంట్ డైరెక్టర్ (ఏడీ) ఆఫీసు నుంచి ధ్రువీకరించిన నకలు తీసుకోండి. ఇవ్వకుండా తిప్పుకుంటే సమాచార హక్కు కింద అర్జీ పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి.

నక్షాలో బాట లేకపోతే?

అప్పుడు వాడుక మీద నిలబడాలి. ఇరవై ఏళ్లు బాజాప్తాగా, ఎవరి అనుమతీ అడక్కుండా, మధ్యలో తెగకుండా, ఇది మా హక్కు అన్నట్టు నడిచి ఉంటే దారి హక్కు పుడుతుంది. 1882 ఈజ్‌మెంట్ల చట్టం చూసినా, 1963 కాలపరిమితి చట్టం చూసినా లెక్క ఇరవై ఏళ్లే. నడిచింది సర్కారు భూమిలోంచి అయితే ముప్పై. ఊరు ఊరంతా పండగకో, శ్మశానానికో, చాకిరేవుకో తరతరాలుగా నడిచిన బాటకు ఆచారం కింద కూడా హక్కు అడగొచ్చు.

ఇక్కడ రెండు గోతులున్నాయి, రెండింట్లోనూ జనం పడడం చూశాను.

ఒకటి గడువు. ఆ ఇరవై ఏళ్ల వాడుక దావా వేసేనాటికి రెండేళ్ల లోపు దాకా సాగి ఉండాలి. గేటు పెట్టి మూడేళ్లయ్యాక వకీలు దగ్గరికి పోతే ఆయన ఫీజు తీసుకుంటాడు గానీ హక్కును తిరిగి తేలేడు. మీకు పోయిన ఎండాకాలమే గేటు పడింది కాబట్టి టైముంది. పెద్దమనుషులు మాట్లాడుతున్నారు కదా అని కూర్చోకండి.

రెండోది అనుమతి. నేను చూసినవాటిలో చేతులారా పోగొట్టుకున్న కేసు ఇదే. ఊరివాళ్లు నలభై ఏళ్లుగా ఒక పటేలు పొలం గట్టు మీదుగా వాగుకు పోతున్నారు. పొలం అమ్ముడైంది, కొత్తాయన ఆపాడు. ఊరి తరఫున ఎవరో చదువుకున్న కుర్రాడు మంచి చేతిరాతతో ఉత్తరం రాశాడు: "అయ్యా, ఇన్నాళ్లూ పటేలు గారి దయవల్ల, వారి అనుమతితో నడుచుకుంటున్నాము. తమరు కూడా దయతలచి దారి ఇప్పించగలరు." యాభై మంది సంతకాలు, వేలిముద్రలు. అవతలి వకీలు కోర్టులో పెట్టిన మొదటి కాగితం అదే. దయతో నడిచిన దారి హక్కు కాదు, దయ ఉన్నన్నాళ్లే ఉంటుంది. మర్యాదగా రాయండి, తప్పులేదు. కానీ అర్జీలో "అనుమతించగలరు", "దయతో" అన్న మాటలు రానీయకండి. "మా బాటకు అడ్డం తొలగించగలరు" అని రాయండి.

రుజువులంటే ముసలివాళ్ల సాక్ష్యం ఒక్కటే కాదు. బాట మీద పంచాయతీ ఎప్పుడైనా మొరం పోయించిందా? కరెంటు స్తంభాలు ఆ బాట వెంట ఉన్నాయా? పక్క పొలాల దస్తావేజుల్లో "ఉత్తరాన వాగుకు పోవు బాట" అని హద్దు రాశారా? ఈ మూడోది బంగారం. ఎప్పుడో 1980ల్లో, తగాదా లేని రోజుల్లో ఎవరో రాయించుకున్న హద్దు కంటే మంచి సాక్షి ఉండడు. పాత పెళ్లి ఫొటోల్లో బాట కనిపించి పనికొచ్చిన సందర్భం కూడా ఉంది. పాత ఉపగ్రహ చిత్రాలూ చూపించొచ్చు, అయితే బర్లు నడిచిన చారకు, బాటకు తేడా తెలియాలంటే వేసవి చిత్రం తీసుకోండి.

బఫర్ బాట కాదు

చెరువులు, నాలాల కబ్జాలు తీసే సర్కారు సంస్థ హైడ్రా వచ్చినప్పటి నుంచి (2024 జులై) నా దగ్గరికి వచ్చేవాళ్లలో సగంమంది "సార్, వాగు పక్కన 9 మీటర్లు సర్కారుదే కదా, నడవొచ్చు కదా" అంటున్నారు. కాదు. 2012లో వచ్చిన 168 జీవోలో బఫర్ లెక్కలున్నాయి. వాగు, నాలా వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు. చెరువు 10 హెక్టార్లు, ఆపైన అయితే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నదైతే 9 మీటర్లు. ఇదంతా కట్టడాలకు పర్మిషన్ ఇవ్వకూడదన్న లెక్క. జాగ మాత్రం పట్టాదారుదే. ఆయన అక్కడ ఇల్లు కట్టకూడదు, మామిడిచెట్లు పెట్టుకోవచ్చు. ఆ చెట్ల మధ్య నుంచి మీరు నడవడానికి ఈ జీవో పనికిరాదు.

మరి ఎందుకు పనికొస్తుందంటే, వాగు ఒడ్డునే ప్రహరీ గోడో గెస్ట్‌హౌసో కట్టుంటే అది తీయించడానికి. అది పోతే మీ బాట దానంతట అదే తెరుచుకోవచ్చు. సిటీ లోపల నాలాల సంగతి నేను ఎత్తను. అక్కడ దిగి నడవాలన్న ఆశ ఎవరికీ లేదు, ముక్కు మూసుకుని పోవడమే.

వాగు దారి మారితే

2020 అక్టోబరు వానలకు ఇలాంటివి నాలుగైదు వచ్చాయి. వాగు పొంగి ఒడ్డు కోసుకుపోయి పక్క పొలంలోంచి పారడం మొదలైంది. పాత గర్భం ఇసుక మేటేసి ఎండిపోయింది. అవతలి ఒడ్డు ఆయన మెల్లగా ఆ ఇసుక మేటలో కడీలు పాతుకుంటూ వచ్చాడు, "వాగు అటు పోయింది కదా, ఇది నా పొలానికి ఆనుకుని ఉంది" అని.

సర్వేయరుగా నా పని నక్షా గీత ఎక్కడుందో చూపించడం. ఎండిన ఆ గర్భం నక్షాలో వాగే, సర్కారుదే. పక్కవాడి పొలం పెరిగిపోదు. కొత్తగా నీళ్లు పారుతున్న జాగ మాత్రం ఇబ్బంది. అది పట్టా భూమి, మీద వాగు. ఆ రైతు నీళ్లను ఆపి ఎగువ ఊరును ముంచడానికి వీల్లేదు, అలాగని వాగు వచ్చింది కదా అని అతని పొలం ఊరిది అయిపోదు. అక్కడ బర్లు దించేముందు అతన్ని అడగండి. పొలం పోయినవాడి మీద హక్కులు మాట్లాడడం నాకు నచ్చదు.

చేపలు

వాగులో దిగే హక్కు, చేపలు పట్టే హక్కు ఒకటి కావు. చెరువులు, కుంటలు మామూలుగా మత్స్య సహకార సంఘానికి లీజుకిస్తారు. మీ ఊళ్లో ముదిరాజులో గంగపుత్రులో ఆ సంఘంలో ఉండి ఉంటారు. వాగు చెరువులో కలిసేచోట, మత్తడి కింద మడుగుల్లో పిల్లలు గాలం వేస్తే ఎవరూ ఏమీ అనరు, వల వేస్తే సంఘం వాళ్లు ఊరుకోరు. అది న్యాయం కూడా, చేపపిల్లలు వదిలింది వాళ్లు. ఫామ్‌హౌస్ ఆయనకు మాత్రం ఈ విషయంలో మాట్లాడే పనే లేదు. తోటాలు పేల్చడం, మందు కలపడం 1897 చట్టం నుంచే నేరం. మీరు చేస్తారని కాదు, ఒకసారి ఎవరో చేస్తే ఊరందరి మీదా పడుతుంది.

ఎక్కడ అర్జీ పెట్టాలి

కడీలకు: తహసీల్దారుకు, సర్కారు వాగు కబ్జా అని. 1905 భూ ఆక్రమణల చట్టం కింద 7వ సెక్షన్ నోటీసు ఇచ్చి 6వ సెక్షన్ కింద తీయిస్తారు. అర్జీకి నక్షా నకలు, నాలుగు ఫొటోలు పెట్టండి. ఒక ఫొటోలో కడీలు, వెనక నీళ్లు, రెండూ పడాలి. నీళ్లు లేని ఫొటో చూసి, ఇది పొలమే కదా అన్నవాళ్లున్నారు. కదలిక లేకపోతే సోమవారం ప్రజావాణిలో కలెక్టరుకు ఇచ్చి రసీదు నెంబరు తీసుకోండి.

గేటుకు: నక్షాలో బాట ఉంటే పై దారే. జనం నడిచే బాటకు, వాగుకు అడ్డం కడితే తీయించే అధికారం మేజిస్ట్రేటుగా ఆర్డీవోకు కూడా ఉంది, కొత్త నాగరిక్ సురక్షా సంహితలో 152వ సెక్షన్. వెనక పాత సీఆర్‌పీసీలో 133 అనేవాళ్లం. భూమి, నీళ్ల వాడుక హక్కు మీద కొట్లాట అయ్యేలా ఉంటే 166వ సెక్షన్ ఉంది. దాంట్లో ఒక కిటుకుంది, జాగ్రత్తగా చదవండి. ఏడాది పొడుగునా వాడే హక్కయితే పోలీసు రిపోర్టు చేరేనాటికి మూడు నెలల లోపు వాడి ఉండాలి. ఏడాదికోసారి వాడే హక్కయితే, ఆ చివరి సందర్భంలో వాడి ఉండాలి. బర్లు మొదటి లెక్కలోకి వస్తాయి, బతుకమ్మ రెండో లెక్కలోకి.

నక్షాలో బాట లేకుండా వాడుక మీదే నిలబడితే సివిల్ కోర్టే. రెవెన్యూ ఆఫీసుల చుట్టూ తిరిగితే ఆ రెండేళ్లూ కరిగిపోతాయి.

ఇంకొకటి, కుర్రాళ్లకు చెప్పండి: తీగ కత్తిరించకండి. ఒక ఊళ్లో నక్షా అంతా ఊరి పక్షానే ఉన్నా, రాత్రిపూట కట్టరు పట్టుకుపోయి తీగ కోసిన ముగ్గురి మీద కేసయింది. తర్వాత ఆర్నెల్లు ఊరంతా వాగు మాట మరిచిపోయి ఆ ముగ్గురి బెయిలు చుట్టూ తిరిగింది.

ఆ గేటు పెట్టినాయన వైపు నుంచి ఒక మాట

ఫామ్‌హౌస్ వాళ్లు కూడా నా దగ్గరికి వస్తారు, దాచడమెందుకు. వాళ్ల బాధ కొంత నిజం. శనివారం రాత్రి సిటీ నుంచి కార్లలో వచ్చి వాగులో కూర్చుని తాగి సీసాలు పగలగొట్టి పోయేవాళ్లు మీ ఊరివాళ్లు కారు. ఆ గాజు పెంకులు మీ బర్ల కాళ్లకే దిగుతాయి. ఒకచోట బాటకు అడ్డంగా గేటు కాకుండా రెండు కడీలు, మధ్యలో మనిషి, పశువు పట్టేంత సందు పెట్టుకున్నారు. కారు దూరదు. ఊరు ఒప్పుకుంది. నక్షా బాట వెడల్పు తగ్గదని, అవసరమైనప్పుడు ట్రాక్టరుకు కడీ తీస్తామని పంచాయతీ తీర్మానం పుస్తకంలో రాయించుకున్నారు. అలా రాయించుకోకుండా మాత్రం ఒప్పుకోకండి.

మీ తమ్ముడి మాటకొస్తే, అమెరికాలో అన్నిచోట్లా ఒకటే లేదు. మోంటానాలో 1985 నుంచి చట్టం ఉంది, ఒడ్డు ఎవరిదైనా వాగులో మామూలుగా నీళ్లెక్కే గీత లోపల ఎవరైనా నడవొచ్చు, చేపలు పట్టొచ్చు. అక్కడ కూడా ఆ వాగుకు చేరడానికి వేరేవాళ్ల పొలంలోంచి పోనివ్వరు. వంతెన దగ్గరో మరో దారి ఉన్నచోటో దిగాలి. అంటే మీ ఊళ్లో, మోంటానాలో తగాదా ఒకటే.

ఆ వంతెన మాట మీకూ పనికొస్తుంది. మీ వాగును రోడ్డు దాటేచోట కల్వర్టు ఉంటుంది కదా. రోడ్డు సర్కారుది, వాగు సర్కారుది. ఈ తగాదా తేలేదాకా బర్లను అక్కడి నుంచి వాగులోకి దింపి, వాగులోనే పైకి తోలుకుపొండి. కడీలు అడ్డమొచ్చినచోట ఆగి, తేదీ పడేలా ఫొటో తీసి, వెనక్కి రండి. వాగులో నీళ్లు ఎక్కువున్న రోజుల్లో వద్దు.

ఇక దసరా ముందు సద్దుల బతుకమ్మ వస్తుంది. గేటుందని ఆడవాళ్లు ఈసారి చెరువు కట్టకు పోదాం అనుకుంటారు, మీరు సరే అనకండి. ఆ సందర్భం తప్పిందంటే 166 కింద మీ వాదన అక్కడే పోతుంది. రెండు వారాల ముందే తహసీల్దారుకు, స్టేషన్‌కు ఫలానా రోజు ఫలానా బాటలో వాగుకు పోతున్నామని రాసిచ్చి, ఆఫీసు ముద్రతో నకలు తీసుకోండి. ఈలోపు నక్షా నకలు తెచ్చుకుని, వాగు ఉన్న ముక్క ఫొటో ఇక్కడ పెట్టండి. సర్వే నెంబర్లు, పేర్లు చెరిపేసి పెట్టండి. చుక్కల గీతలున్నాయో లేదో చూసి చెప్తాను.